ఊరి పటంలో ముందు గీయవలసింది నీటి దారి

కోనసీమలో ఇప్పుడు ఏ ఊరి పొలిమేరకు వెళ్లినా వరిచేల మధ్య సున్నం కొట్టిన రాళ్లు కనిపిస్తాయి. ముందు ఒక ఆర్చి, దాని మీద ఏదో ఒక దేవుడి పేరుతో నగర్, లోపల ఎర్ర కంకర పోసిన దారులు. ఇళ్లు కావాలి. ఒకే పెంకుటింట్లో ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు ఇరుక్కుని ఉన్న ఊళ్లు మావి. వాళ్లకు స్థలాలు దొరకాలని నేనూ కోరుకుంటాను. రోడ్లూ కావాలి, వంతెనలూ కావాలి. అయితే వీటిని తలపెట్టేటప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్నను ఎవరూ అడగడం లేదు. ఇక్కడ పడిన వాన ఎటు పోతుంది? దీనికి జవాబు దొరికాకే ఊరి పటం మీద ఇంకే గీత అయినా గీయాలని నా పట్టుదల.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. గొలుసు లాగడంతో ఉద్యోగం మొదలుపెట్టి, ఉపగ్రహాల సాయంతో హద్దులు గుర్తించే యంత్రాల దాకా చూశాను. మా గొలుసుకు 100 లింకులు, 66 అడుగులు. లింకు అంటే 7.92 అంగుళాలు. ఈ లెక్క చేతికి అలవాటైనవాడు ఏ పొలంలో నిలబడినా ముందు హద్దు రాయి కోసం వెతుకుతాడు, తరువాత వాలు చూస్తాడు. డెల్టాలో ఆ వాలు కంటికి కనబడదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున దిగుతుంది, అంతే. అంటే నీటి దారికి అడ్డంగా అరడుగు ఎత్తున మట్టి పోస్తే, దాని వెనక అరమైలు దూరం వరకు నీరు నిలబడిపోతుంది. కొండ ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని అరడుగు గట్టు ఇక్కడ పది మంది రైతుల పంటను ముంచగలదు.

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడన్నది బడి పిల్లలకు కూడా తెలుసు. నేను ఎక్కువగా ఆలోచించేది ఆ తరువాత తవ్విన కాలువల గురించి. సాగునీటి కాలువలను మెరక మీదుగా నడిపించారు. నది తన పాత పాయల ఒడ్డున తరతరాలుగా పోసుకున్న ఒండ్రు మెరక అది. కాలువ అక్కడ ఉంటే రెండు వైపులా చేలకు నీరు దానంతట అదే దిగుతుంది. మురుగు నీరు పల్లంలోని సహజమైన వాగుల్లోకి, కౌశిక వంటి వాటిలోకి చేరి సముద్రానికి పోతుంది. పాత ఊళ్లు కూడా ఈ లెక్కనే అనుసరించాయి. మెరక మీద ఇళ్లు, ఇళ్ల వెనక కొబ్బరి తోటలు, దిగువన వరిచేలు, అన్నిటికంటే పల్లాన మురుగు కాలువ. నీరు పల్లమెరుగు అని పెద్దలు ఊరికే అనలేదు, ఆ పల్లాన్ని ఖాళీగా వదిలి చూపించారు.

ఇప్పుడు మెరక మీద స్థలం అయిపోయింది. ఎకరం కొబ్బరి తోట కొనడం కంటే పల్లపు వరిచేను కొనడం చవక. అందువల్ల లేఅవుట్లన్నీ పల్లానికి దిగుతున్నాయి. మా ఊరి దక్షిణాన ఐదెకరాల చేను అలాగే మారింది. రోడ్డు మట్టానికి తేవడానికి నాలుగడుగులు మట్టి పోశారు. ఆ చేను పక్కన మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న బోదె ఒకటి ఉండేది. పైనున్న చేల మురుగంతా దానిలోకి దిగి డ్రెయినుకు చేరేది. లేఅవుటు ముఖద్వారానికి దారి కావాలి కదా, బోదెను పూడ్చి ఒక అడుగు వ్యాసం ఉన్న సిమెంటు గొట్టాలు రెండు వేశారు.

దీన్ని కాస్త దగ్గరగా చూడండి. బోదె కోత, అంటే నీరు పోయే నోరు, ఆరు చదరపు అడుగులు. ఒక అడుగు గొట్టం నోరు చదరపు అడుగులో ముప్పాతిక వంతు కంటే కొంచెం ఎక్కువ. రెండూ కలిపినా ఒకటిన్నర చదరపు అడుగులకు అటూఇటు. అంటే నీరు పోయే దారిలో నాలుగింట మూడు వంతులు మూసేసి, ఒక వంతు మిగిల్చారు. ఆ మిగిలిన వంతులోకి గుర్రపు డెక్క వచ్చి ఇరుక్కుంది, ఒక గొట్టం నోట్లో ఎవరో పారేసిన కొబ్బరి మట్ట అడ్డం పడింది. అక్టోబరు వానలకు పై చేలలో స్వర్ణ వరి పాలు పోసుకునే దశలో ఉంది. వారం దాటినా నీరు దిగలేదు. ఆ చేల కౌలు రైతు ఒకాయన నన్ను గట్టు మీదికి పిలిచి చూపించారు. “సర్వేయరుగారూ, నా చేను కదలలేదు, డ్రెయినూ కదలలేదు. మధ్యలో నీళ్లు ఎందుకు కదలడం లేదో మీరే చెప్పండి” అన్నారు. ఆయన కౌలు మాత్రం ఏ గింజా తగ్గకుండా కట్టవలసిందే.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. బోదె వెడల్పుకు సరిపడా స్లాబు కల్వర్టు కట్టి ఉంటే సరిపోయేది. దానికయ్యే అదనపు ఖర్చు ఆ లేఅవుటులో ఒక్క ప్లాటు ధరలో చిన్న భాగం. అనుమతి ఇచ్చే కాగితం మీద దారి వెడల్పు రాశారు, స్తంభాల సంఖ్య రాశారు. బోదె కోత ఎంత, దానిలోకి ఎన్ని ఎకరాల నీరు వస్తుంది అన్న గడి ఆ కాగితంలో లేదు. ఆ గడి ఉండాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

ఇక లేఅవుటులోని ఖాళీ స్థలం సంగతి. నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. ఐదెకరాలకు అది యాభై సెంట్లు. మామూలుగా ఏం చేస్తారంటే ప్లాట్లన్నీ చతురస్రంగా కోసుకున్నాక మూలన మిగిలిన వంకర ముక్కను పార్కు అని చూపిస్తారు. రెండు సిమెంటు బల్లలు, ఒక ఇనుప జారుడుబల్ల, ఎండిపోయిన లాను. ఆ యాభై సెంట్లను లేఅవుటులో అన్నిటికంటే పల్లంగా ఉన్న వైపు, బోదెను ఆనుకుని పొడవుగా వదిలిస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. అందులో సగం, ఇరవై ఐదు సెంట్లలో, ఆరడుగుల గుంట తవ్వామనుకోండి. నిట్టనిలువుగా తవ్వితే దాదాపు 18 లక్షల లీటర్లు పడుతుంది. ఐదెకరాల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే వచ్చే నీరు సుమారు 20 లక్షల లీటర్లు. గట్లు ఏటవాలుగా తీయాలి, వానాకాలంలో మన నేలలో అడుగున ఎప్పుడూ ఊట ఉంటుంది, కాబట్టి గుంట పట్టే నీటిని సగానికి తగ్గించి లెక్క వేసుకోండి. అప్పటికీ ఒక పెద్ద వానలో సగానికి దగ్గరగా అక్కడే ఆగుతుంది. పక్క చేను మీదికి ఒక్కసారిగా దూకకుండా, డ్రెయినులో జోరు తగ్గాక నెమ్మదిగా దిగుతుంది. తవ్విన మట్టి ప్లాట్లను లేపడానికే పనికొస్తుంది, లంకల్లో బంగారం లాంటి ఒండ్రును తవ్వి ట్రాక్టర్ల మీద తేవడం ఆ మేరకు తగ్గుతుంది. గట్టు మీద నేరేడు, కానుగ, మద్ది వేస్తే నాలుగైదేళ్లలో నీడ వస్తుంది. అదే పార్కు.

“కోనసీమ అంతా పచ్చగానే ఉంది కదండీ, మనకు పార్కులెందుకు?” అని నన్ను తరచూ అడుగుతారు. దీనికి జవాబు చెప్పేటప్పుడు నాకు కొంచెం ఆవేశం వస్తుంది. ఈ పచ్చదనంలో ఎక్కువ భాగం కంచె లోపల ఉంది. కొబ్బరి తోటలో నీడ తోట యజమానిది. సెంటు భూమి లేని ఇంటి పిల్లలు ఆడుకోవడానికి, కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఊళ్లో ఉమ్మడి నీడ ఎక్కడుంది? 2020లో ఇచ్చిన ఇళ్ల పట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు. అందులో రెండు గదులు, మరుగుదొడ్డి, మెట్లు పోగా కరివేపాకు మొక్కకు చోటు మిగిలితే గొప్ప. సొంత పెరడు లేనివాళ్లకే ఉమ్మడి చెట్టు ఎక్కువ అవసరం. పైగా అటువంటి కాలనీలకు చాలాచోట్ల పల్లపు భూములే దొరికాయి. వానకు మునిగేదీ వాళ్లే, ఎండకు మాడేదీ వాళ్లే. పచ్చని స్థలానికి డబ్బు పెట్టదలచుకుంటే మొదటి రూపాయి అక్కడ పెట్టాలి.

ఆ ఉమ్మడి స్థలం కొత్తగా కొనవలసిన పని లేదు. మా పాత రికార్డుల్లోనే ఉంది. ఏ ఊరి ఆర్.ఎస్.ఆర్. (ఊరిలోని ప్రతి సర్వే నంబరు వివరం రాసి ఉండే పాత రిజిస్టరు) తెరిచినా పట్టా భూముల మధ్య పోరంబోకు నంబర్లు కనిపిస్తాయి. చెరువు పోరంబోకు, బోదె పోరంబోకు, పుంత పోరంబోకు. పుంత అంటే గోదావరి జిల్లాల్లో చేలకు బండ్లు వెళ్లే దారి. మా ఊరి పడమటి పుంత పటంలో 40 లింకులు, అంటే ఇరవై ఆరు అడుగుల పైచిలుకు. నేల మీద ఇప్పుడు చాలాచోట్ల పన్నెండు అడుగులు మిగిలింది. మిగతాది రెండు వైపులా చేలు జానెడు జానెడుగా కలుపుకున్నాయి. అయినా ఆ మిగిలిన దారిలో నడిస్తే మనసు తేలికపడుతుంది. పుంతకు ఒక పక్క తాటిచెట్ల వరస, ఆకుల చివర గిజిగాళ్ల గూళ్లు. ఇంకో పక్క బోదె, బోదె అంచున మొగలి పొదలు. మొగలి వేళ్లు గట్టును పట్టి ఉంచుతాయి, అందుకే పాతవాళ్లు వాటిని కొట్టనిచ్చేవారు కాదు. పొదలు తీసేసిన చోట గట్టు విరిగి బోదెలో పడింది. ఆ తేడా పది గజాల దూరంలో పక్కపక్కనే కనబడుతుంది.

ఈ పుంతను పటంలో ఉన్న వెడల్పుకు తెచ్చి, మధ్యలో ట్రాక్టరుకు చాలినంత గ్రావెల్ దారి, ఒక పక్క బోదె, రెండు అంచుల్లో చెట్లు ఉంచగలిగితే ఒకే స్థలం నాలుగు పనులు చేస్తుంది. పంట ఇంటికి వస్తుంది, మురుగు దిగుతుంది, పిల్లలు నీడలో సైకిలు మీద హైస్కూలుకు వెళతారు, పిట్టలకు చోటు మిగులుతుంది. ఇలాంటి పుంతలన్నీ ఊరచెరువు దగ్గర కలుస్తాయి. మా ఊరిలోనే కాదు, డెల్టాలో చాలా ఊళ్లది ఇదే ఏర్పాటు. దానికి సిమెంటు పోయవలసిన అవసరం లేదు, హద్దు రాళ్లు పాతి కాపాడవలసిన అవసరం ఉంది.

సిమెంటు అంటే గుర్తొచ్చింది. ఉపాధి హామీ పనుల్లో కూలికి 60, సామగ్రికి 40 శాతం అన్న లెక్క ఏళ్ల తరబడి నడిచింది. ఆ సామగ్రి వాటాలో మన ఊళ్లు ఎక్కువగా సిమెంటు రోడ్లే వేయించుకున్నాయి. బురద పోయింది, మంచిదే. కానీ పాత పొర మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు లేస్తుంది, ఇల్లు దిగుతుంది. మా వీధిలో ఒకప్పుడు మూడు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్లే ఇళ్లకు ఇప్పుడు రోడ్డు మీద నుంచి దిగి వెళ్లాలి. గోడ నుంచి గోడ దాకా సిమెంటు పరిచినచోట వాన నీటికి భూమిలో ఇంకే దారీ లేదు, కాలువలోకి పోయే దారీ లేదు. పాత పొర తవ్వి తీశాకే కొత్తది వేయాలి. ఒక పక్కన మూడడుగుల మట్టి పట్టీ వదలాలి. అందులో చెట్టు పెరుగుతుంది, నీరు ఇంకుతుంది, రేపు పైపులైను వేయవలసి వస్తే రోడ్డు పగలగొట్టనక్కరలేదు.

చెరువు గురించి చెప్పకపోతే ఈ మాటలకు అర్థం లేదు. సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరు వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువు నింపుకుంటే, మళ్లీ నీరు వదిలేదాకా ఊరంతా దాని మీదే బతకాలి. అటువంటి చెరువులో ఒక మూల పూడ్చి భవనం కడదామన్న ఆలోచన ప్రతి తరంలోనూ ఎవరికో ఒకరికి వస్తుంది, మా ఊళ్లోనూ వచ్చింది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి ఊరికి తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ కేసు కూడా ఒక ఊరచెరువు గురించినదే. ఆ తీర్పును తెలుగులో నాలుగు వాక్యాల్లో రాసి గ్రామసభలో చదివాము. చెరువు మిగిలింది. ఇంకా పూడిక తీయాలి, రావిచెట్టు వైపు గట్టు బాగుచేయాలి.

పెద్ద పనులకూ ఇదే సూత్రం. డెల్టాలో నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి, సముద్రానికి దిగుతుంది. ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి తూర్పు నుంచి పడమరకు వెళుతుంది. దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం, 57 కిలోమీటర్లు, అదీ అడ్డంగానే. రైలు రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. గౌతమి, వైనతేయ, వశిష్ట పాయల మీద పెద్ద వంతెనల గురించి అందరూ మాట్లాడతారు. రోడ్డు కట్ట, రైలు కట్ట కింద నుంచి పోవలసిన చిన్న చిన్న బోదెల గురించి మాట్లాడేవాళ్లు కావాలి. 1960లలో వచ్చిన ముంపుల తరువాత మిత్రా కమిటీ డెల్టా మురుగు కాలువల గురించి సిఫార్సులు చేసింది. అయినా 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు వాళ్లు చెప్పిన కారణాల్లో ముంపు కూడా ఉంది. సముద్రం దగ్గర మొగలు (డ్రెయిన్లు సముద్రంలో కలిసే నోళ్లు) పూడిపోతే, పోటు సమయంలో డ్రెయిను నీరు వెనక్కి తన్నితే, ఎగువన ఎంత తవ్వినా లాభం లేదు. అందుకే తీరంలోని మడ అడవులను, సరుగుడు తోటలను కూడా మన కట్టడాల్లో భాగంగానే లెక్కపెట్టాలి. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకు కోరింగ మడల విలువ వేరే చెప్పనవసరం లేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. మా ఊరి సభలో వచ్చిన కోరికల్లో రోడ్డు లేని వీధుల పేర్లే ఎక్కువ. పుంత, బోదె అన్న మాటలు వినబడలేదు. ప్రజలకు తెలియక అనడం నాకు ఇష్టం లేదు. వాళ్లకు ఊరి పటం ఎప్పుడూ ఎవరూ చూపించలేదు. అందుకని మేము కొందరం కలిసి పంచాయతీ కార్యాలయం గోడ మీద ఊరి పటం పెద్దదిగా గీయించాము. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుగా పనిచేస్తున్న అమ్మాయి శ్రద్ధగా వీధి వీధికీ మట్టాలు తీసింది. మెరకకు పసుపు రంగు, పల్లానికి నీలం, పుంతలకు ఆకుపచ్చ వేశాము. మొదటి వారమంతా జనం వచ్చి తమ ఇల్లు వెతుక్కున్నారు. కాలనీ నుంచి వచ్చిన ఒకావిడ నీలం మధ్యలో వేలు పెట్టి, “మా వీధి మొత్తం ఇందులోనే ఉందా బాబుగారూ? అయితే మా వానాకాలం తప్పు మాది కాదన్నమాట” అన్నారు. తరువాతి సభలో ఆవిడే లేచి కాలనీ వెనక బోదె తవ్వించాలని అడిగారు. ఆ పని ఇప్పుడు పంచాయతీ ప్రణాళికలో ఉంది.

మీ ఊళ్లో కూడా ఇది చేయవచ్చు. గ్రామ సచివాలయంలో సర్వేయరు దగ్గర గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) నకళ్లు అడగండి. వాటితో పాటు ఆర్.ఎస్.ఆర్.లోని పోరంబోకు నంబర్ల జాబితా తప్పక అడగండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ ఊళ్లో పూర్తయి ఉంటే, పాత పటంలో ఉన్న ప్రతి పుంతకూ బోదెకూ కొత్త పటంలో వేరే నంబరు వచ్చిందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి. పెద్ద వాన వెలిసిన మర్నాడు ఫోను పట్టుకుని తిరిగి, నీరు ఎక్కడ రోడ్డు దాటుతోందో, ఎక్కడ ఆగిందో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఎక్కడైనా కొత్తగా తూము వేస్తుంటే గొట్టం సైజుతో పాటు దాని అడుగు మట్టం ఎంతో రాతపూర్వకంగా అడగండి. బోదె అడుగు కంటే గొట్టం అడుగు జానెడు పైకి ఉంటే, ఎంత పెద్ద గొట్టం వేసినా ఆ జానెడు నీరు ఎప్పటికీ చేలోనే ఉంటుంది.